నీళ్ళలో ఉండగా పారలైజ్ అయితే ఊపిరి లెక్క ఎక్కణ్ణుంచి మొదలు?

కోనేటిగట్టు

మారతహళ్ళి, బసవనగుడి, వైట్‌ఫీల్డ్ టేబుళ్ళు మూడూ ఒకే ప్రపంచంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాయి, పాత్రలు అటూ ఇటూ మారుతుంటాయి. అందుకని ఈ విషయంలో ముగ్గురు డీఎంలూ (ఆట నడిపేవాళ్ళు) ఒకే మాట మీద ఉండాలి. లేకపోతే ఒక టేబుల్ మీద మునిగి చచ్చే పాత్ర, అదే పరిస్థితిలో పక్క టేబుల్ మీద దులుపుకుని లేచిపోతుంది.

వచ్చే అధ్యాయం పాడుబడ్డ గుడి కోనేట్లో. నీళ్ళ లోతు 20 అడుగులు. అడుగున ఉన్న విగ్రహం కోసం 5వ లెవెల్ విజార్డ్ దిగుతుంది. గట్టు మీద శత్రు పూజారి, చేతిలో హోల్డ్ పర్సన్ (మనిషిని బిగుసుకుపోయేలా చేసే మంత్రం), డీసీ 13, అంటే తట్టుకోవడానికి వేసే డీ20లో (ఇరవై ముఖాల పాచిక) కూడికతో కలిపి కనీసం 13 రావాలి, దాన్నే సేవ్ అంటారు. విజార్డ్‌కి కాన్ (ఒంటి దారుఢ్యం) 14, మాడిఫయర్ +2, విజ్డమ్ 8, ప్రొఫిషియెన్సీ కలుపుకుంటే సేవ్ +2. స్పీడ్ 30.

సేవ్ పోయింది, నీళ్ళలోనే బిగుసుకుపోయింది. ఇప్పుడు ఆమెకున్నది 3 నిమిషాలా, 2 రౌండ్లా (రౌండంటే 6 సెకన్లు)? మనం ఆడేది 2014 నాటి 5ఈ (ఐదో ఎడిషన్). 2024కి మారాలన్న మాట కూడా నడుస్తోంది కాబట్టి రెండింటి సంగతీ చెప్పండి.

లెక్కలపంతులు

2014లో ఊపిరికి రెండు లెక్కలున్నాయి. మొదటిది నిమిషాల లెక్క: 1 + కాన్ మాడిఫయర్ నిమిషాలు ఊపిరి బిగబట్టొచ్చు, ఎంత తక్కువైనా 30 సెకన్లు. రెండోది రౌండ్ల లెక్క: ఊపిరి అయిపోయాకనో, గొంతు నొక్కేసినప్పుడో, కాన్ మాడిఫయర్ ఎంతో అన్ని రౌండ్లు, కనీసం 1. అవీ అయిపోతే, ఆ తర్వాతి టర్న్ మొదలవగానే హెచ్‌పీ (ప్రాణబలం) 0, డయింగ్ (చావు అంచున). మళ్ళీ గాలి అందేదాకా హెచ్‌పీ పెరగదు, స్టెబిలైజ్ చేయడమూ (చావకుండా నిలపడమూ) కుదరదు.

మీ విజార్డ్‌కి మొదటిది 30 రౌండ్లు, రెండోది 2 రౌండ్లు. పోరాటం నాలుగైదు రౌండ్లలో తేలిపోతుంది. అంటే నిమిషాల లెక్కలో ఉన్నంతసేపూ పోరాటంలో మునక భయం లేనట్టే.

ఇంకోటి చూడండి. మనిషిని కట్టిపడేసేవి చాలావరకు 1 నిమిషానివే: హోల్డ్ పర్సన్, హిప్నాటిక్ ప్యాటర్న్, స్లీప్, ఘూల్ గోరు, క్యారియన్ క్రాలర్ విషం. అన్నీ 10 రౌండ్లు. కాన్ 10 ఉన్నవాడి ఊపిరీ సరిగ్గా 10 రౌండ్లే. కాబట్టి "బిగుసుకుపోయినా ఊపిరి పట్టే ఉంటాడు" అని తీర్పిస్తే, కాన్ 10కి తగ్గకుండా ఉండి నిండు ఊపిరితో దిగినవాణ్ణి హోల్డ్ పర్సన్ ఒక్కటే ముంచలేదు. ముంచగలిగేది గంటసేపు పడగొట్టే డ్రౌ విషం లాంటిదే.

అందుకని అసలు తేల్చాల్సింది ఒక్కటే. ఏ కండిషన్ మనిషిని నిమిషాల లెక్కలోంచి రౌండ్ల లెక్కలోకి తోసేస్తుంది? 5ఈలో ఏ కండిషన్ కిందా ఊపిరి మాట లేదు. డీఎంలే తేల్చుకోవాలి.

చిట్టిగోబ్లిన్

పారలైజ్ అంటే ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోవడం కదా. నోరు మూసుకుని ఊపిరి పట్టిన మనిషి అలాగే ఉండిపోతుంది. 3 నిమిషాలు ఇవ్వడమే న్యాయం. ఒక్క సేవ్ పోయినందుకు 12 సెకన్లలో పాత్ర పోతే ఎవరు ఆడతారు?

అనంతపురం_ఆర్క్

లేదప్పా. ఊపిరి బిగబట్టేది మన బుద్ధి పూని చేసే పని. గుండె కొట్టుకునేది, రొమ్ము ఆడేది దానంతట అది జరిగేది. ఒళ్ళు స్వాధీనం తప్పితే మనం పూని చేసే పని పోతాది, దానంతట అది జరిగేది మిగుల్తాది. అంటే తర్వాతి క్షణం నీళ్ళు పీల్చాల్సిందే. 2 రౌండ్లు. పూజారి రెండో లెవెల్ స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చు పెట్టుకున్నాడు, వానికీ ఏదన్నా మిగలొద్దా?

పాతపుస్తకం

మీరిద్దరూ అంటున్నది పాత 3.5 ఎడిషన్‌లో సగం సగం రాసే ఉంది. అందులో హోల్డ్ పర్సన్ తగిలినవాడికి తెలివి ఉంటుంది, మామూలుగానే ఊపిరి ఆడుతుంది, ఏ పనీ చేయలేడు. పారలైజ్డ్ కండిషన్ కిందేమో, ఈదుతున్నవాడు ఈదలేక మునిగిపోవచ్చు అని ఉంది. "ఊపిరి ఆడుతుంది" అన్న ముక్క అనంతపురం వారి వాదనకే బలం. ఊపిరితిత్తులు ఆగవు, మంత్రం వాటిని పట్టుకోదు.

అయితే 3.5లో లెక్కే వేరు. కాన్ స్కోరుకి రెండింతలు రౌండ్లు ఊపిరి పట్టొచ్చు. కాన్ 14కి 28 రౌండ్లు. స్టాండర్డ్ యాక్షన్‌గానీ ఫుల్‌రౌండ్ యాక్షన్‌గానీ చేస్తే మిగిలినదాంట్లో ఇంకో రౌండ్ తగ్గుతుంది. ఇక్కడే ఒక మెలిక. 3.5 హోల్డ్ పర్సన్‌లో ప్రతి టర్న్ మళ్ళీ సేవ్ వేయడమే ఒక ఫుల్‌రౌండ్ యాక్షన్. అంటే గింజుకున్నకొద్దీ ఊపిరి రెండింతల వేగంతో కరుగుతుంది, 28 కాస్తా 14 అవుతుంది. కదలకుండా పడుంటే 28 రౌండ్లూ మిగులుతాయి గానీ మంత్రం విడదు. నియమం రాసినవాళ్ళు ఇది ఆలోచించి పెట్టారో లేదో గానీ, ఆటగాడి ముందు ఇంతకంటే మంచి ఇరకాటం పెట్టలేం.

ఊపిరి అయిపోయాక ప్రతి రౌండ్ కాన్ చెక్, డీసీ 10, ఆపైన రౌండ్‌కి 1 చొప్పున పెరుగుతుంది. చెక్ తప్పిన రౌండ్లో హెచ్‌పీ 0, తర్వాతి రౌండ్లో -1, మూడో రౌండ్లో చావు. స్పృహ లేనివాడి సంగతి మొదటి పాత్‌ఫైండర్లో (3.5 నుంచి పుట్టిన ఆట) సూటిగా ఉంది: మునిగిన క్షణం నుంచే కాన్ చెక్‌లు మొదలు, ఊపిరి పట్టే గడువే లేదు.

వరంగల్_వార్‌లాక్

అన్నా, 3.5ల హెచ్‌పీ -9 ఉన్నోని తల నీళ్ళల ముంచితే 0కి వస్తడు కద. బకెట్ నీళ్ళతోటి వైద్యం.

పాతపుస్తకం

అక్షరం పట్టుకుని చదివితే అంతే. పాత్‌ఫైండర్ వాళ్ళు ఆ కన్నం పూడ్చారు: -1 కంటే కింద ఉన్నవాడైతే ఇంకో పాయింట్ పోతుంది.

గాలిబుడగ

రెండో పాత్‌ఫైండర్ మాట కూడా చెప్పనివ్వండి, ఇందులో 5ఈకి లేనిదొకటి ఉంది. ఊపిరి 5 + కాన్ మాడిఫయర్ రౌండ్లు. నిమిషాలు కాదు, రౌండ్లు. టర్న్ చివర 1 తగ్గుతుంది. దాడి చేసినా మంత్రం వేసినా 2. క్రిటికల్ దెబ్బ తగిలితే ఇంకో 1. మాట్లాడితే, అంటే వెర్బల్ మంత్రం వేసినా, మిగిలినదంతా పోతుంది.

ముఖ్యమైనది మునగడం. నీళ్ళలో ఉండి ఆ టర్న్‌లో ఒక్కసారైనా స్విమ్ సఫలం కాకపోతే 10 అడుగులు కిందికి పోతారు, లేదా ప్రవాహంలో కొట్టుకుపోతారు. 5ఈలో పారలైజ్ అయినవాడు ఎక్కడున్నవాడు అక్కడే నీళ్ళలో వేలాడుతుంటాడు. మునుగుతాడా తేలుతాడా, నియమమే లేదు.

కోనేరు బాగా లోతనుకుని మీ విజార్డ్‌నే దించుదాం. ఊపిరి 7. పారలైజ్ మంత్రానికి సేవ్ క్రిటికల్‌గా పోయి 4 రౌండ్లూ బిగుసుకుందనుకోండి. 40 అడుగులు కిందికి పోయి 60 అడుగుల లోతులో ఉంటుంది, ఊపిరి 3 మిగులుతుంది. నిశ్చలమైన నీళ్ళలో స్విమ్‌కి చెక్ అక్కర్లేదు, ఒక యాక్షన్‌కి 10 అడుగులు, టర్న్‌కి 30. రెండు టర్నుల్లో గట్టెక్కుతుంది. ఇంకో రెండు రౌండ్లు బిగుసుకుని ఉంటే మాత్రం కుదరదు. ఇంత బిగువుగా ఉంటేనే మునక భయపెడుతుంది. ముప్పై రౌండ్ల ఊపిరి ఎవర్ని భయపెడుతుంది?

లెక్కలపంతులు

రౌండ్ల లెక్క ఒప్పుకుంటే ఏమవుతుందో 2014లో వేసి చూద్దాం. ఎవరూ సాయం రాలేదనుకుందాం.

కాన్ +2 కాబట్టి విజార్డ్‌కి 2 టర్నులు, మూడో టర్న్ మొదట్లో 0. పూజారికంటే ముందు ఆడినా వెనక ఆడినా ఇదే. హోల్డ్ పర్సన్ సేవ్ టర్న్ చివర వస్తుంది. రెండో టర్న్ చివర సేవ్ నెగ్గినా లాభం లేదు, కదలాల్సిన మూడో టర్న్ మొదలవగానే పడిపోతుంది. పనికొచ్చేది మొదటి టర్న్ చివరి సేవ్ ఒక్కటే. డీసీ 13, +2, అంటే 11 గానీ ఆపైన గానీ పడాలి, సగానికి సగం. నెగ్గితే రెండో టర్న్‌లో డ్యాష్ (యాక్షన్ ఖర్చు పెట్టి రెండింతలు కదలడం) కొట్టాలి. స్విమ్ స్పీడ్ లేనివాళ్ళకి అడుగుకి రెండడుగుల ఖర్చు కాబట్టి 60లో 30 అడుగులు ఈదుతుంది, 20 అడుగుల లోతు దాటేస్తుంది. డ్యాష్ లేకుండా 15 అడుగులే, చావు ఖాయం.

కాబట్టి పనికొచ్చే సేవ్‌లు కాన్ మాడిఫయర్‌కి ఒకటి తక్కువ. కాన్ 12, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళకి ఒక్కటీ లేదు. వాళ్ళకి ఇది టర్న్ చివరి సేవ్ ఉన్న మంత్రమే కాదు, మొదటి సేవ్ పోయిందంటే పోయినట్టే. చిట్టి గారి భయం అక్షరాలా నిజం.

2024లో వేరుగా ఉంటుంది. ఊపిరి పట్టే నిమిషాలు అవే. అయిపోయాక ప్రతి టర్న్ చివరా ఒక ఎగ్జాషన్ (అలసట) లెవెల్, 6 అయితే చావు. లెవెల్‌కి డీ20 మీద 2 తగ్గుతుంది, స్పీడ్ 5 అడుగులు తగ్గుతుంది. గాలి అందగానే ఊపిరాడక వచ్చిన లెవెళ్ళన్నీ పోతాయి. అందరికీ ఒకటే గడువు, ఈ దశలో కాన్‌తో పనిలేదు.

సేవ్, ఎగ్జాషన్ రెండూ టర్న్ చివరే వస్తాయి. ఏది ముందు? ఆ టర్న్ ఎవరిదో వాళ్ళే ఎంచుకుంటారు. ముందు సేవ్, తర్వాత ఎగ్జాషన్ అని ఎంచుకోవాలి. అలా వేస్తే మొదటి మూడు సేవ్‌లు 50, 40, 30 శాతం. నాలుగోది నెగ్గినా లెవెల్ 4లో డ్యాష్‌తో 10 అడుగులు, లెవెల్ 5లో 5 అడుగులు, మొత్తం 15. ఉపరితలానికి 5 అడుగుల కింద ప్రాణం పోతుంది. మూడోది నెగ్గితే 15 + 10, సరిపోతుంది. కాబట్టి పనికొచ్చేవి మూడు, మూడూ పోయే అవకాశం 21 శాతం. అదే ఎగ్జాషన్ ముందు తీసుకుని సేవ్ వేస్తే 40, 30, 20, మునిగే అవకాశం 34కి చేరుతుంది. ఆటగాడికి ఈ వరస గుర్తు చేయని డీఎం, తెలియకుండానే 13 శాతం చావు కలుపుతున్నాడు.

2014లో 50, 2024లో 21.

చిట్టిగోబ్లిన్

అంటే 2024 పక్షాన నిలబడాలన్నమాట నేను.

లెక్కలపంతులు

పూర్తిగా నిలబడకండి. 2014లో పడేది 0కి, ఇంకా డెత్ సేవ్‌లున్నాయి (బతుకో చావో తేల్చే పాచికలు), ఎవరైనా పైకి లాగితే బతుకుతుంది. 2024లో ఆరో లెవెల్ అంటే నేరుగా చావు.

కోనేటిగట్టు

0 దగ్గర ఇంకో చిక్కుంది. 2014లో ఊపిరాడక 0కి పడ్డవాడు డెత్ సేవ్‌లు మూడు నెగ్గితే? స్టేబుల్ అవుతాడని ఒక చోట, గాలి అందేదాకా స్టెబిలైజ్ కాడని ఇంకో చోట. 20 పడితే 1 హెచ్‌పీ వస్తుందని ఒక చోట, హెచ్‌పీ పెరగదని ఇంకో చోట.

లెక్కలపంతులు

ప్రత్యేక నియమం సాధారణ నియమాన్ని దాటుతుంది కాబట్టి మునక నియమానిదే పైచేయి. 20 పడ్డా లేవడు. మూడు నెగ్గినా స్టేబుల్ కాడు, పోయిన సేవ్‌లు మూడు అయ్యేదాకా వేస్తూనే ఉంటాడు. స్టెబిలైజ్ చేసే స్పేర్ ద డయింగ్ మంత్రమూ పనిచేయదు.

కత్తిదెబ్బకి నీళ్ళలో 0కి పడ్డవాడి సంగతి వేరు. వాడికి హెచ్‌పీ పెరగదన్న నిషేధం ఇంకా మొదలవలేదు. స్పృహ లేదు కాబట్టి రౌండ్ల లెక్కలో ఉన్నాడనుకున్నా, కాన్ మాడిఫయర్ అన్ని రౌండ్లదాకా హీలింగ్ వర్డ్ పనిచేస్తుంది. ఆ కిటికీ మూసుకుపోయాక పైకి లాగడం తప్ప మార్గం లేదు. క్లెరిక్ ఆడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి: ముందు వైద్యం, తర్వాత ఈత. తలకిందులైతే స్లాట్ వృథా.

2024లో డెత్ సేవ్ కూడా డీ20 పరీక్షే. ఎగ్జాషన్ లెవెల్ 1 ఉంటే 10కి బదులు 12 పడాలి, 2 ఉంటే 14.

వరంగల్_వార్‌లాక్

మునుగుడు లెక్క మంచిగనే ఉన్నది గని, తీసుడు ఎట్ల? నేను చెప్తా.

మొదటిది, మంత్రం ఏసినోన్ని కొట్టుడు. హోల్డ్ పర్సన్ కాన్సన్‌ట్రేషన్ మంత్రం, ఏసినోని ధ్యాస చెదిరితె పోతది. దెబ్బ తగిల్తె డీసీ 10, లేకపోతె డ్యామేజ్‌ల సగం, ఏది ఎక్కువైతె గది. పెద్ద దెబ్బ ఒక్కటి కన్న చిన్న దెబ్బలు మూడు నయం, మూడుసార్లు సేవ్ ఎయ్యాలె. మ్యాజిక్ మిస్సైల్ (మూడు బాణాల మంత్రం) తీసుకుంటె మీ డీఎం మూడు సేవ్‌లు ఎయ్యిస్తడా ఒకటేనా, ముందుగల్ల అడిగిపెట్టుకోన్రి. అందరు దునికి ఈదుకుంట పోవుడు కన్న గట్టు మీద పూజారిని కొట్టుడే తొందర.

రెండోది, వాటర్ వాక్. మూడో లెవెల్. మునిగినోని మీద ఏస్తె రౌండ్‌కి 60 అడుగులు పైకి తెస్తది. ఒక్క యాక్షన్‌తోటి పని అయిపోతది. రిచువల్‌గ ఎయ్యకున్రి, పది నిమిషాలు ఎక్కువ పడ్తది, శవం తేలుతది. మంత్రంల "విల్లింగ్" అని ఉన్నది. పారలైజ్ అయినోనికి తెలివి ఉంటది కాబట్టి ఒప్పుకుంటడు. స్పృహ లేనోడు ఒప్పుకున్నట్టా కాదా, డీఎం చెప్పాలె. మా టేబుల్ల ఒప్పుకున్నట్టే.

మూడోది, గుంజుడు. ఇక్కడనే అందరు బోల్తపడ్తరు. మోసే బరువు స్ట్రెంత్‌కి 15 రెట్లు, ఈడ్చేది 30 రెట్లు. మోసే హద్దు దాటి ఈడిస్తె స్పీడ్ 5 అడుగులు. స్ట్రెంత్ 16 ఉన్నోనికి హద్దు 240 పౌండ్లు. 180 పౌండ్ల ఫైటర్, మీద 65 పౌండ్ల ప్లేట్ ఆర్మర్, మొత్తం 245. అయిదు పౌండ్లు ఎక్కువ! లాగెటోని సొంత సామాను ఇంక లెక్కల్నే లేదు. స్పీడ్ 5, నీళ్ళల రెండున్నర. 20 అడుగులు రావాల్నంటె డ్యాష్ కొట్టినా నాలుగు రౌండ్లు. విజార్డ్ అయితె సన్నగ ఉంటది, ఏం గాదు.

చిట్టిగోబ్లిన్

నీళ్ళలో బరువు తగ్గుతుంది కదా?

వరంగల్_వార్‌లాక్

బయట తగ్గుతది చెల్లే, పుస్తకంల తగ్గదు. డీఎం మంచోడైతె నీళ్ళల సగం బరువే అంటడు. నేనైతె గట్లనే అంట.

అనంతపురం_ఆర్క్

ప్లేట్ ఇప్పేదానికి 5 నిమిషాలు. ఒకరు సాయం పడితే రెండున్నర. కాన్ 18 ఉండేవానికి ఊపిరి సరిగ్గా 5 నిమిషాలు, అంతకన్నా తక్కువోడు ఒక్కడే విప్పుకోలేడు. ఇంకో తమాషా ఏందంటే 5ఈలో ప్లేట్ వేసుకున్నా ఈతకి అడ్డే లేదు. 3.5లో ఆర్మర్ చెక్ పెనాల్టీ ఈతకి రెండింతలు పడుతుండె. అది పీకేసినారు. కాబట్టి విప్పద్దు, వేసుకునే ఈదు.

గాలిబుడగ

మెరైనర్స్ ఆర్మర్ తొడుక్కున్నవాళ్ళ సంగతి? నీళ్ళలో 0 హెచ్‌పీతో టర్న్ మొదలుపెడితే 60 అడుగులు పైకి తేలుస్తుంది. పారలైజ్ అయి హెచ్‌పీ ఉంటే ఆ కవచం కదలదు!

లెక్కలపంతులు

2014లో కదులుతుంది. ఊపిరాడక 0కి పడేదీ టర్న్ మొదట్లోనే, కవచం పనిచేసేదీ అప్పుడే. వరస ఆటగాడి చేతిలో ఉంటుంది కాబట్టి ముందు 0కి పడటం, తర్వాత తేలడం ఎంచుకుంటాడు. 20 అడుగుల కోనేరు ఏ మూలకి, అదే టర్న్‌లో గాలి తగులుతుంది. 2024 మునక నియమంతో ఈ కవచం దండగ. ఎగ్జాషన్‌తో చచ్చేవాడికి హెచ్‌పీ 0 కానే కాదు, నిండు హెచ్‌పీతో పోతాడు.

కోనేటిగట్టు

రెండో భాగంలో పూజారికి బదులు కోనేట్లో ఒక చూల్‌ని (పెద్ద పీత లాంటి రాక్షసి) పెట్టాలని ఉంది. అదీ పారలైజ్ చేస్తుంది కదా, లెక్క అదేనా?

పాతపుస్తకం

అదే అనుకుంటే మీ వాళ్ళని చంపుకున్నట్టే. చూల్ ముందు కొండితో పట్టుకుంటుంది, పట్టుకున్నవాడి మీద టెంటకిల్స్. డీసీ 13 కాన్ సేవ్ పోతే 1 నిమిషం విషం, విషం ఉన్నంతసేపూ పారలైజ్. ఇక్కడ సేవ్ నెగ్గితే పక్షవాతం వదులుతుంది గానీ కొండి వదలదు. గ్రాపుల్ (ఆ పట్టు) ఉంటే స్పీడ్ 0, డ్యాష్ కొట్టినా 0కి 0 కలిపితే 0. ముందు డీసీ 14 దాటి విడిపించుకోవాలి, దానికే యాక్షన్ ఖర్చు. పంతులు గారి లెక్కలో ఉన్న ఆ ఒక్క పనికొచ్చే టర్న్ దానికే పోతుంది. మిగిలిన 30 అడుగుల స్పీడ్‌తో 15 అడుగులే ఈదుతుంది.

పైగా చూల్ స్విమ్ స్పీడ్ 30. పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుపోతే సగం, టర్న్‌కి 15 అడుగులు లోపలికి. రౌండ్ల లెక్క పెట్టుకున్న టేబుల్ మీద చూల్ ఉండాలంటే లోతు 10 అడుగులకి తగ్గించండి, లేదా మెట్లు నీళ్ళలోకి మెల్లగా దిగేలా గీయండి. 5 అడుగుల నీళ్ళలో చూల్ మంచి పోరాటం, 20 అడుగుల నీళ్ళలో అదే చూల్ ఉరిశిక్ష.

వాటర్ వియర్డ్‌ని (నీటి రూపంలోని రాక్షసి) పెట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అది పట్టుకున్నవాణ్ణి "ముంచడానికి ప్రయత్నిస్తుంది" అని మాత్రమే రాసి ఉంది. రెస్ట్రెయిన్డ్ (కట్టుబడ్డ) మనిషి ఇన్‌కెపాసిటేటెడ్ (ఏ యాక్షనూ చేయలేని స్థితి) కాదు, తన ఒళ్ళు తన మాట వింటుంది. కాబట్టి నిమిషాల లెక్కే అనేది నా తీర్పు.

గాలిబుడగ

మిగతా కండిషన్లు కూడా ఒకసారి తేల్చేయండి. స్టన్డ్, హిడియస్ లాఫ్టర్, పెట్రిఫైడ్.

లెక్కలపంతులు

స్టన్డ్ (దిమ్మెరపోయినవాడు) 2014లో కదలలేడు. 2024లో కదలకూడదన్న ముక్కే తీసేశారు, అక్షరం ప్రకారం స్టన్ అయినవాడు ఈదుకుంటూ పైకి రావచ్చు. ఇన్‌కెపాసిటేటెడ్ ఒక్కటే అయితే రెండింటిలోనూ కదలొచ్చు, యాక్షన్ లేదు కాబట్టి డ్యాష్ ఉండదు. 15 అడుగులే.

హిడియస్ లాఫ్టర్ నాకు ఇష్టమైన కేసు. మొదటి లెవెల్ మంత్రం, మనిషి పగలబడి నవ్వుతాడు. నీళ్ళలో నవ్వితే ఊపిరి ఉంటుందా? ఇక్కడ శరీరశాస్త్రం దాకా పోనక్కర్లేదు, మంత్రం వర్ణనే నోరు తెరిపిస్తోంది. పారలైజ్ దగ్గర మెతగ్గా ఉండే డీఎం కూడా దీనికి రౌండ్ల లెక్కే పెట్టాలి.

పెట్రిఫైడ్ కింద రాయి అవుతాడనీ, బరువు పదింతలనీ, వయసు ఆగుతుందనీ ఉంది గానీ ఊపిరి అక్కర్లేదని లేదు. పూర్తిగా అక్షరం పట్టుకుంటే రాతి బొమ్మ మునిగి చస్తుంది. అలా తీర్పిచ్చే డీఎంతో నేను ఆడను. రాయికి ఊపిరి లెక్క ఆపేయండి. చిక్కంతా బరువుది. 150 పౌండ్ల విజార్డ్ 1500 అవుతుంది. స్ట్రెంత్ 16 వాళ్ళు ఒక్కొక్కరు 480 ఈడుస్తారు, ముగ్గురు చాలరు, నలుగురు కావాలి. పైకి తేవడానికి ముందే రాయిని మనిషిగా మారిస్తే స్పృహతోనే ఉంటాడు గానీ ఛాతీలో ఎంత గాలి ఉందో, రాయి కాకముందు ఎంత మిగిలిందో అంతే.

అనంతపురం_ఆర్క్

పారలైజ్‌కి నడిమి దారి ఒకటి చెప్తా. 3.5 కాన్ చెక్‌ని తెచ్చుకోండి. పారలైజ్ అయినోడు ప్రతి టర్న్ మొదట్లో కాన్ సేవ్, డీసీ 10, ప్రతిసారి 1 పెంచు. నెగ్గినంతసేపు ఊపిరి నిలిచినట్టే. పోయిందా, ఆ టర్న్ నుంచి రౌండ్ల లెక్క. కాన్ +2 ఉండేదానికి మొదట 65 శాతం, తర్వాత 60, 55. కాన్ మంచిగా పెట్టుకున్నోనికి ఫలితం కనపడతాది, మంత్రానికీ పదును ఉంటాది.

చిట్టిగోబ్లిన్

ఇది నాకు సమ్మతం. పాచిక ఆటగాడి చేతిలో ఉంటుంది. టర్న్ వచ్చి "నువ్వు కదల్లేవు, తర్వాతి వాళ్ళు" అని దాటేయడం కంటే ఏదో ఒకటి వేయనివ్వడం మేలు.

కోనేటిగట్టు

సరే, మూడు టేబుళ్ళకీ ఇలా రాసి పెడుతున్నాను, అభ్యంతరం ఉంటే ఇక్కడే చెప్పండి. స్పృహ లేకపోతే, లేదా మంత్రం నోరు తెరిపిస్తే, వెంటనే రౌండ్ల లెక్క. పారలైజ్, స్టన్ అయితే అనంతపురం వారి కాన్ సేవ్, పోయినప్పటి నుంచి రౌండ్ల లెక్క. రెస్ట్రెయిన్డ్, గ్రాపుల్డ్, ఉత్త ఇన్‌కెపాసిటేటెడ్ అయితే నిమిషాల లెక్క. రాయికి లెక్క లేదు. కదలలేనివాడు టర్న్ చివర 10 అడుగులు మునుగుతాడు, ఇది గాలిబుడగ దగ్గర అప్పు. ఒకే క్షణంలో రెండు జరిగితే వరస ఆటగాడిది. కాన్ మాడిఫయర్, మిగిలిన రౌండ్లు ఇండెక్స్ కార్డ్ మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టాలి, డీఎం తెర వెనక కాదు. ఎంత సమయం ఉందో అందరికీ కనిపిస్తేనే ఎవరు పూజారిని కొట్టాలో, ఎవరు దూకాలో తేల్చుకోగలరు.

గాలిబుడగ

బెంగళూరు టేబుల్ కాబట్టి అడుగుతున్నా. కోనేటి మీద బెళ్ళందూరు చెరువు తరహా నురగ మూడడుగులు పేరుకుని ఉంటే, పైకి వచ్చినవాడికి గాలి అందినట్టేనా?

పాతపుస్తకం

3.5 ప్రకారం నీళ్ళు కానివాటిలో కూడా మునగొచ్చు, ఇసుక, దుమ్ము, ధాన్యపు గాదె దాకా. నురగలో గాలే ఎక్కువ గానీ ముక్కుకి అందేది సబ్బు. నేనైతే నురగని హెవిలీ అబ్‌స్క్యూర్డ్ (ఏమీ కనబడని చోటు) చేసి, గాలి అందాలంటే ఒక యాక్షన్‌తో నురగ తోసుకోవాలంటాను. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు మంటలు కూడా చూసింది. ఫైర్‌బాల్ వేసే ముందు డీఎంని అడగండి.

వరంగల్_వార్‌లాక్

గీ లొల్లి అంత ఎందుకు, వాటర్ బ్రీతింగ్ రిచువల్ ఏసుకుంటె పది మందికి 24 గంటలు. స్లాట్ కూడ పోదు. అయిదో లెవెల్ పార్టీ ఎవ్వలన్న గది లేకుంట దిగుతరా?

లెక్కలపంతులు

దిగరు. అందుకే పూజారి దగ్గర డిస్పెల్ మ్యాజిక్ (వేసి ఉన్న మంత్రాన్ని తీసేసేది) ఉండాలి. వాటర్ బ్రీతింగ్ మూడో లెవెల్ మంత్రం కాబట్టి మూడో లెవెల్ స్లాట్‌తో చెక్ లేకుండా పోతుంది. ఇప్పుడు ఆలోచించండి: అప్పటిదాకా నీళ్ళు పీలుస్తున్నవాడి ఛాతీలో గాలెక్కడిది? బిగబట్టడానికి ఊపిరే లేదు. పారలైజ్ అక్కర్లేదు, స్పృహ పోనక్కర్లేదు, నేరుగా రౌండ్ల లెక్క. తర్వాతి టర్న్‌లో హోల్డ్ పర్సన్ వేస్తే మొదటి సేవ్ తప్ప ఇంకేం మిగలదు.

చిట్టిగోబ్లిన్

దీనికి విరుగుడు?

లెక్కలపంతులు

ఫ్రీడమ్ ఆఫ్ మూవ్‌మెంట్ ఉంటే మంత్రంతో వచ్చే పారలైజ్ తగలదు, కానీ అది నాలుగో లెవెల్, 5వ లెవెల్ క్లెరిక్ దగ్గర ఉండదు. డిస్పెల్‌నే ఆపాలి. కౌంటర్‌స్పెల్‌కి (ఎదుటివాడి మంత్రాన్ని ఆపేది) వెర్బల్ లేదు, చేతి సైగ ఒక్కటే, నీళ్ళలో నోరు తెరవక్కర్లేదు. 60 అడుగుల్లో పూజారి కనబడాలి, అంతే. కాబట్టి విజార్డ్ విగ్రహం వైపు తిరిగి కాదు, గట్టు వైపు చూస్తూ దిగాలి. విగ్రహం ఎత్తే పని రోగ్‌కి ఇవ్వండి.

కోనేటిగట్టు

మా ఆటగాళ్ళు కూడా ఈ వేదిక చదువుతారండీ.